చిన్నాయన, పసుపు, చైనా పొడి

మా ఇంట్లోకి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా చివరికి నా దగ్గరికే చేరుతుంది. బ్యాంకు నోటీసు, ఇన్సూరెన్స్ ఫారం, ట్రాక్టర్ లోన్ అగ్రిమెంట్, మందుల చీటీ, ఏదైనా సరే. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఇది నా డ్యూటీ. పోయిన సంవత్సరం ఆ వరుసలో ఒక రీసెర్చ్ పేపర్ కూడా వచ్చింది. తెచ్చింది మా చిన్నాయన.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. మైదుకూరు దగ్గర మా ఊళ్లో కేసీ కాలువ కింద ఆయనకు మూడెకరాలు ఉంది. వరి, పసుపు వేస్తాడు. వయసు 47. పెద్దపేగు క్యాన్సర్, మూడో స్టేజ్. ఆపరేషన్ అయిపోయింది, కర్నూలులో కీమో నడుస్తోంది. మొత్తం పన్నెండు సైకిళ్లలో అప్పటికి నాలుగు అయ్యాయి. నేను చదివేది కర్నూలులోనే కాబట్టి రెండు వారాలకొకసారి ఆయన, చిన్నమ్మ బస్సు దిగే టైంకి నేను బస్టాండులో ఉండేదాన్ని.

నాలుగో సైకిల్ తర్వాత ఆయన సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. పసుపుపచ్చ పొడి. డబ్బా మీద అంతా చైనా అక్షరాలే. నెలకు పద్నాలుగు వేలంట. అమ్మినాయన పేరు, ఊరు ఇక్కడ అనవసరం. పొడితో పాటు ఒక ప్రింటవుట్ కూడా ఇచ్చాడు. చైనా సంప్రదాయ వైద్యంలో వాడే మూలికలు పెద్దపేగు క్యాన్సర్ కణాల సిగ్నలింగ్ మీద ఎలా పనిచేస్తాయో చెప్పే రివ్యూ పేపర్‌లో మొదటి రెండు పేజీలు అవి. కొన్ని వాక్యాల కింద హైలైటర్ గీతలు.

"పాపా, ఇది సైన్సే ఒప్పుకునిందంట. కీమో ఆపేసి ఇది వాడదామనుకుంటాండా. చేతులు తిమ్మిర్లు, నోట్లో పుండ్లు, అన్నం సయించదు. నువ్వు సదివి నిజమా కాదా సెప్పు" అన్నాడు.

నేను ఎంపీసీ. బయాలజీతో నా సంబంధం పదో తరగతితో తెగిపోయింది. కానీ ఇంట్లో ఇంకెవరున్నారు? తర్వాతి సైకిల్‌కు పదకొండు రోజులుంది. "నేను చదివి చెప్పేదాకా కీమో ఆపను అని మాటివ్వు" అన్నాను. ఇచ్చాడు. ఆ పదకొండు రోజుల్లో నేను చదివినదీ, దాన్ని తెలుగులో ఆయనకు చెప్పడానికి పడిన తిప్పలూ మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ముందు మన సీఎస్‌ఈ భాషలో చెప్తాను. మన కణం ఒంటరిగా నిర్ణయాలు తీసుకోదు. బయటి నుంచి "పెరుగు", "ఆగు", "చచ్చిపో" అని మెసేజ్‌లు వస్తుంటాయి. కణం గోడ మీద వాటిని అందుకునే ప్రోటీన్‌లు ఉంటాయి, వాటిని రిసెప్టర్లు అంటారు. రిసెప్టర్ లోపలున్న ఇంకో ప్రోటీన్‌ను పిలుస్తుంది, అది ఇంకోదాన్ని. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను కాల్ చేసినట్టే. చివరి కాల్ కేంద్రకంలోకి పోయి ఫలానా జన్యువును ఆన్ చెయ్యమంటుంది. ఈ వరుసే సిగ్నలింగ్ పాత్‌వే.

పెద్దపేగులో రెండు చోట్ల బగ్ తరచుగా వస్తుంది. ఒకటి ఏపీసీ అనే జన్యువు. దీన్ని కనిపెట్టింది 1991లో. ఇది ఒక రకంగా గార్బేజ్ కలెక్టర్. బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ అవసరానికి మించి పోగవకుండా చూసే యంత్రంలో ఇది ఒక ముక్క. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి కొత్తగా తయారవుతుంది కాబట్టి ఇక్కడ పెరుగుదలను అదుపులో పెట్టడం చాలా ముఖ్యం. ఏపీసీ చెడిపోతే బీటా-కెటెనిన్ పేరుకుపోయి కేంద్రకంలోకి దూరి "పెరుగు, పెరుగు" అని ఆర్డర్ వేస్తూనే ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 80 శాతంలో ఏపీసీ చెడిపోయి ఉంటుంది. రెండోది కేరాస్. ఇది ఒక స్విచ్. మెసేజ్ వస్తే ఆన్ అయ్యి, కాసేపటికి తనంతట తనే ఆఫ్ అవ్వాలి. మ్యుటేషన్ వస్తే ఆ ఆఫ్ పని చెయ్యదు. బ్రేక్ లేని వైల్ లూప్ అనుకోండి. దాదాపు 40 శాతం మందిలో ఇది ఉంటుంది. ఉంటే కొన్ని ఖరీదైన టార్గెటెడ్ మందులు వాళ్లకు పనిచెయ్యవు. అందుకే డాక్టర్లు ఆ మందులు మొదలుపెట్టే ముందు కేరాస్ టెస్ట్ రాస్తారు.

ఇంతవరకు నాకు అర్థమైంది. కానీ చిన్నాయనకు చెప్పడమెట్లా? డిక్షనరీలో వెతికితే "సంకేత ప్రసార మార్గం" అని వచ్చింది. అది ఆయనకు ఇంగ్లీషు కంటే దూరం. వైల్ లూప్ అంటే సరేసరి. ఆ రోజు నాకు ఒక విషయం తట్టింది. మనకు తెలుగు రాకపోవడం అంటే కవిత్వం రాకపోవడం ఒక్కటే కాదు. ఇంట్లో మనిషికి ప్రాణం మీదికొచ్చిన సంగతిని ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పలేకపోవడం కూడా.

చివరికి కేసీ కాలువ కాపాడింది. కర్నూలు దగ్గర తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పోయే కాలువ అది. ఆయన బతుకంతా ఆ నీళ్ల మీదే. కీమో వార్డులో ఆయన పక్కన కూర్చుని మొదలుపెట్టాను.

"చిన్నాయనా, పైనుంచి నీళ్లు వదలమని ఆర్డర్ వస్తే ఏమైతాది?"

"ఇంజనీరు లస్కర్‌కు చెప్తాడు. లస్కర్ వచ్చి తూము ఎత్తుతాడు."

"నీళ్లు చాలు అంటే?"

"దించుతాడు."

"దించే పలక విరిగిపోతే?"

"ఇంకేముంది, మడి మునుగుతాది. గట్లు తెగుతాయి. పక్కోడి చేను కూడా పోతాది."

"నీ పేగులో అయింది అదే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం ఏ ప్రొఫెసర్ అడిగినా గొప్పగానే ఉండేది. "మరి ఆ పొడి పలకను మూస్తాదని రాసినారు గదా. మూస్తే మంచిదే గదా?"

ఇక్కడే అసలు విషయం ఉంది. పేపర్ అబద్ధం చెప్పలేదు. ఫలానా మూలికలోని ఫలానా పదార్థం ఫలానా గేటును మూసిందని అందులో ఉంది. కానీ ఎక్కడ మూసింది? ఎక్కువ భాగం గాజు గిన్నెలో పెంచిన కణాల్లో. కొంత ఎలుకల్లో. గిన్నెలో కణాల మీద మందు నేరుగా పోస్తారు, ఎంత కావాలంటే అంత. మనిషిలో అయితే అది కడుపు దాటాలి, లివర్ దాటాలి, రక్తంలో కలవాలి, అక్కడి నుంచి గడ్డ దాకా సరిపడా మోతాదులో చేరాలి. గిన్నెలో క్యాన్సర్ కణాలను ఉప్పు కూడా చంపుతుంది. లోకల్‌హోస్ట్‌లో రన్ అయిన కోడ్ ప్రొడక్షన్‌లో రన్ అవుతుందని మనలో ఎవరైనా గ్యారంటీ ఇస్తామా? ఆయనకు ఇలా చెప్పాను: "మోటరు బాగుందని కొట్లో స్విచ్ వేసి చూపించినాడు. నీ బోర్లో నీళ్లు పడతాయని చెప్పలేదు."

నవ్వాడు. మా సీమలో బోరు గురించి చెప్తే అర్థం కాని మనిషి ఉండడు.

ఆ పొడిలో ఏముందో తెలియదు కాబట్టి, తెలిసిన దాని దగ్గరికి వద్దామనుకున్నాను. పసుపు. కడప జిల్లా పసుపు రకాల్లో మైదుకూరు, టేకూరుపేట అని మా దగ్గరి ఊళ్ల పేర్లతోనే రకాలున్నాయి. మా పెరట్లో పసుపు ఉడికించే వాసన చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. సిగ్నలింగ్ పేపర్లలో ఎక్కువగా కనిపించే మూలికా పదార్థాల్లో ఒకటి అందులోని కర్క్యుమిన్. చైనా వైద్యంలోనూ పసుపు వాడతారు. పసుపు కొమ్ములో ఇది సుమారు 3 శాతం ఉంటుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి, వింట్, ఇంకా ఎన్నో పాత్‌వేలను ఇది ఆపుతుందని వేల పేపర్లు ఉన్నాయి.

ఒకే పదార్థం అన్ని గేట్లనూ మూస్తోందంటే కొంచెం అనుమానం రావాలి. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో అమెరికా కెమిస్టులు కొందరు దీన్నే పట్టుకున్నారు. కర్క్యుమిన్ తొందరగా విరిగిపోతుంది, రక్తంలోకి సరిగా పోదు, పైగా ల్యాబ్ టెస్టులనే తికమక పెట్టి పనిచేసినట్టు కనబడుతుంది అని రాశారు. అప్పటికి 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, రోగికీ డాక్టరుకూ ఏది మందో ఏది ఉత్త బిళ్లో తెలియకుండా చేసిన పరీక్షల్లో ఒక్కటీ నెగ్గలేదని కూడా అందులో ఉంది.

"రక్తంలోకి పోకపోతే ఏమి, పేగులోకి పోతాది గదా" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. పేగు క్యాన్సర్ వాళ్లు పసుపు మీద ఆశ పెట్టుకున్నది అందుకే. ఏపీసీ పుట్టుకతోనే చెడిపోయి, పేగు నిండా వందల పాలిప్‌లు వచ్చే ఒక వంశపారంపర్య జబ్బు ఉంది. పాలిప్ అంటే పేగు లోపల వచ్చే చిన్న కండ, కొన్నేళ్లకు క్యాన్సర్‌గా మారగలదు. ఆ జబ్బు ఉన్న 44 మందికి సంవత్సరం పాటు కొందరికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్, మిగతావారికి ఉత్త బిళ్లలు ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. పాలిప్‌ల సంఖ్యలో గానీ సైజులో గానీ తేడా లేదు.

ఇది చెప్పినప్పుడు మా నాయన ఒప్పుకోలేదు. "అమెరికావాడు మన పసుపు మీద పేటెంట్ ఏంటికి తీసుకున్నాడు మరి?" అన్నాడు. నిజమే. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్‌ఐఆర్ వాళ్లు ఇది మాకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతేనని పాత పుస్తకాలు చూపించి పోరాడితే 1997లో రద్దు చేశారు. మనం గెలిచాం. కానీ ఆ గొడవంతా "ఎవరికి ముందు తెలుసు" అన్న దాని మీద. క్యాన్సర్‌కు పనిచేస్తుందా లేదా అన్నది అక్కడ కేసే కాదు.

ఇంతవరకు చదివి మీరు నన్ను ఆకు, వేరు అంటే చిన్నచూపు ఉన్న ఇంగ్లీష్ మీడియం పిల్ల అనుకుంటే పొరపాటు. చదివేకొద్దీ నాకు మూలికల మీద గౌరవం పెరిగింది. ఎందుకంటే అదే చైనా నుంచి వచ్చిన ఒక చెట్టు పెద్దపేగు క్యాన్సర్ వార్డుల్లో నిజంగానే పనిచేస్తోంది. ఆ చెట్టును చైనాలో "సంతోషం చెట్టు" అంటారు. దాని బెరడు, కొమ్మల నుంచి క్యాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1966లో ప్రకటించిన ఇద్దరిలో ఒకాయన మన్సుఖ్ వాని, మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టినాయన. ఇంకొకాయన మన్రో వాల్. మొదట మనుషుల్లో వాడినప్పుడు విషలక్షణాలు ఎక్కువై ఆపేశారు. అది కణం డీఎన్‌ఏ ముడులు విప్పే ఒక ఎంజైమ్‌ను పట్టుకుంటుందని 1985లో తెలిసింది. జపాన్ వాళ్లు దాన్ని కొంచెం మార్చి ఇరినోటికాన్ చేశారు. 1996లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. చెట్టు నుంచి సెలైన్ బాటిల్ దాకా ముప్పై ఏళ్లు. మనకు డబ్బా అమ్మినాయన ఆ ముప్పై ఏళ్లనే ఎగ్గొడుతున్నాడు.

ఇంకో ఉదాహరణ నాకు భలే నచ్చింది. మ్రానుపసుపు అని ఉంది. పేరులో పసుపు ఉన్నా పసుపు కాదు, రంగు మాత్రమే పసుపు. ఆ రంగు బెర్బెరిన్‌ది. చైనా వాళ్లు వేరే మొక్క నుంచి అదే బెర్బెరిన్ తీసి విరేచనాలకు చాలాకాలంగా వాడుతున్నారు. అక్కడి డాక్టర్లు ఒక పని చేశారు. పేగులో పాలిప్‌లు తీయించుకున్న వెయ్యి మందికి పైగా మనుషులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు బెర్బెరిన్, ఇంకో గుంపుకు అచ్చం అలాగే కనబడే ఉత్త బిళ్ల రెండేళ్లు ఇచ్చారు. 2020లో లాన్సెట్ వాళ్ల పేగు, లివర్ జర్నల్‌లో ఫలితం వచ్చింది. ఉత్త బిళ్ల వాళ్లలో 47 శాతానికి పాలిప్‌లు తిరిగొస్తే, బెర్బెరిన్ వాళ్లలో 36 శాతానికే వచ్చాయి. బెర్బెరిన్ కూడా రక్తంలోకి సరిగా పోదు. పసుపు ఓడిపోయిన చోట దాని పేరు మోస్తున్న మొక్క కొంత గెలిచింది. దీన్ని గిన్నెలో చూసి ఎవరూ ముందే చెప్పలేరు. మనుషుల్లో లెక్కపెట్టాల్సిందే. గెలిచింది కూడా పాలిప్‌లు రాకుండా ఆపడంలో. వచ్చేసిన మూడో స్టేజ్ క్యాన్సర్‌ను తగ్గించడంలో కాదు.

చైనా సంప్రదాయ వైద్యుల పుస్తకాలను తీసిపారేయకూడదు అనడానికి టు యూయూ చాలు. నాలుగో శతాబ్దపు పుస్తకంలో ఒక ఆకును నీళ్లలో నానబెట్టి పిండమని ఉండటం చూసి, వేడి చేస్తే మందు చెడిపోతోందేమో అని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో ఈథర్‌తో తీసింది. మలేరియాకు ఆర్టెమిసినిన్ అలా వచ్చింది, 2015లో నోబెల్ కూడా. పాత పుస్తకం ఆమెకు దారి చూపింది. పరీక్ష మాత్రం ఆమే చేసింది.

ఇప్పుడు మనోళ్ల సంగతి. ఫోన్లో చదువుతూ చదువుతూ యల్లాప్రగడ సుబ్బారావు దగ్గర ఆగిపోయాను. పేరు జీకే పుస్తకంలో బట్టీ పట్టిందే. కానీ చిన్నాయన చేతికి గుచ్చిన సెలైన్‌లో ఆయన ఉన్నాడని అప్పుడే తెలిసింది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివాడు. అక్కడ ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఆచంట లక్ష్మీపతి గారు నడిపిన కళాశాల అది. ఆయన అన్న స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయాడని, తనకూ అదే వస్తే లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో కోలుకున్నాడని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెప్తారు. తర్వాత అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశాడు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఏటీపీ అంటే ఎనర్జీ కరెన్సీ అని మనం చదివాం కదా, దానికి ఇంకో పని కూడా ఉంది. పాత్‌వేలో ఒక ప్రోటీన్ ఇంకోదాన్ని ఆన్ చెయ్యాలంటే చాలాసార్లు ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తెంచి దానికి అతికిస్తుంది. ఫ్లాగ్‌ను 0 నుంచి 1 చెయ్యడం. లస్కర్ చేతిలో తూము తాళం ఉన్నట్టు. సిగ్నలింగ్ పేపర్లలో సగం బొమ్మలు ఆ ఫాస్ఫేట్ గురించే.

తర్వాత లెడర్లే కంపెనీలో ఆయన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందు. దాన్నే కొంచెం మార్చి, ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే అమైనోప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. కొన్నాళ్లపాటైనా జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు, 53 ఏళ్లకు. కీమోథెరపీ అనే దారి అక్కడే బలంగా మొదలైంది.

మా చిన్నాయనకు ఇస్తున్నది ఫోల్‌ఫాక్స్. మూడు మందుల కలయిక: ఫోలినిక్ యాసిడ్, ఫ్లోరోయురాసిల్, ఆక్సాలిప్లాటిన్. ఫ్లోరోయురాసిల్ కణానికి డీఎన్‌ఏలో ఒక అక్షరం దొరకకుండా చేస్తుంది. ఫోలిక్ యాసిడ్‌కు తమ్ముడిలాంటి ఫోలినిక్ యాసిడ్ ఆ పట్టు జారకుండా బిగిస్తుంది.

"అంటే ఆ పేరులో ఉండే ఫోల్ మనోడిదేనా?"

"భీమవరమాయన కనిపెట్టిన దారిలోనిదే."

"అయితే మనోడే. ఆయుర్వేదం చెప్పినాయన అంటివి, మరి ఆకులు ఏంటికి వదిలేసినాడు?"

"వదల్లేదు చిన్నాయనా. జబ్బు ఏంటికి తగ్గిందో తెలుసుకోవాలనుకున్నాడు."

నేను ఆయనకు చివరగా చెప్పింది ఒక అంకె. అది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. యేల్ యూనివర్సిటీ డాక్టర్లు 2018లో ఒక లెక్క ప్రచురించారు. వేరే అవయవాలకు పాకని క్యాన్సర్ ఉండి, డాక్టర్ల వైద్యం వద్దని వేరే వైద్యం మాత్రమే ఎంచుకున్నవాళ్లనూ, మామూలు వైద్యం తీసుకున్నవాళ్లనూ పోల్చారు. మొత్తం మీద మొదటి గుంపులో చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. పెద్దపేగు క్యాన్సర్‌లో అయితే నాలుగున్నర రెట్లు.

చిన్నమ్మ ఏడ్చింది. చిన్నాయన కిటికీ వైపు చూస్తూ, "ఈ మాట అమ్మినోడు చెప్పలేదు" అన్నాడు.

మేం ఆ డబ్బా తీసుకుని ఐదో సైకిల్ రోజు డాక్టర్ దగ్గరికి పోయాం. ఆయన కసురుకుంటాడేమో అని చిన్నాయన భయపడ్డాడు. కసురుకోలేదు. "ఎన్ని రోజులు వేసుకున్నావు?" అని అడిగాడు. అప్పుడు బయటపడింది, నా జవాబు కోసం ఆగుతూనే పది రోజులు పొడి కూడా వేసుకున్నాడని. రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్‌లు మూడు రెట్లు దాటాయి. కీమో వారం వాయిదా పడింది. పొడి ఆపమన్నారు. తర్వాతి పరీక్షలో అంకెలు దిగాయి. కీమో వల్ల కూడా లివర్ ఎంజైమ్‌లు పెరగొచ్చు. కాబట్టి తప్పు పొడిదేనని నేను ఒట్టేసి చెప్పలేను. రెండు మార్పులు ఒకే కమిట్‌లో పెడితే బగ్ దేనిదో ఎట్లా తెలుస్తుంది? ఏ మూలిక వాడినా డాక్టర్‌కు చెప్పి వాడాలి అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. "కూరలో పసుపు మానాలా?" అని చిన్నమ్మ అడిగితే, "కూరలో మామూలుగా వేసుకోండి. డబ్బాలు, క్యాప్సూల్స్ మాత్రం వద్దు" అన్నాడు డాక్టర్.

తర్వాతి నెలలు తేలిక కాదు. ఆక్సాలిప్లాటిన్‌తో చల్లనిది ముట్టుకుంటే చేతులు జిల్లుమంటాయి. ఏప్రిల్‌లో కర్నూలు ఎండ ఎట్లుంటుందో మీకు తెలుసు. ఆ ఎండలో ఆయన గోరువెచ్చని నీళ్లు తాగేవాడు. కుండ ముట్టుకుంటే షాక్ కొట్టినట్టుందని దూరం జరిపేవాడు. తిమ్మిర్లు ఎక్కువయ్యాయని తొమ్మిదో సైకిల్ నుంచి ఆ ఒక్క మందు ఆపేశారు. మిగతావి పన్నెండు దాకా పూర్తి చేశాడు. ఇప్పుడు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష. చివరి రిపోర్ట్ బాగుంది. వేలి కొసలకు ఇంకా స్పర్శ సరిగా లేదు, చొక్కా గుండీ చిన్నమ్మే పెడుతుంది. పసుపు ఈ ఏడు అరెకరంలోనే వేశాడు.

ఇంత చదివాక నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఏ పాత్‌వేలోనూ లేదు. చిన్నాయనకు దొడ్డికి పోయినప్పుడు రక్తం పడటం క్యాన్సర్ తెలియడానికి ఎనిమిది నెలల ముందే మొదలైంది. జేజి "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు ఇచ్చింది. తర్వాత మొలలు అనుకుని, మొలలకు మందిచ్చే ఒకతని దగ్గర పసరు తాగాడు. ఎవరూ కొలనోస్కోపీ మాట ఎత్తలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయం కాబట్టి ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆలోపు దొరికితే కెమెరాతో పాటే తీసేస్తారు.

కాబట్టి ఫ్రెండ్స్, హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" తర్వాత ఇంకో ప్రశ్న అడగండి. రక్తం పడటం, వారాల తరబడి విరేచనం అలవాటు మారిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తక్కువైందని తేలడం, వీటిలో ఏదున్నా మొలలే అని మనమే తీర్పు చెప్పకుండా డాక్టర్‌కు చూపించమనండి. అది తెలుగులో అడగండి. నలభై రోజులు ఇంట్లో ఉండి ఇంగ్లీషులో స్టేటస్ పెట్టే మనమే అడగాలి, ఎందుకంటే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

అన్నదమ్ముల్లో ఒకరికి ఈ జబ్బు వస్తే మిగతావాళ్లు 40 ఏళ్లకు, లేదా జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పటికి కొలనోస్కోపీ చేయించుకోవాలి. మా నాయనకు 52. "నాకేముంది, గుండ్రాయి మాదిరి ఉండా" అంటాడు. మూడుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకున్నా, మూడుసార్లూ ఏదో పని చెప్పాడు. ఒకసారి నీళ్ల వంతు, ఒకసారి పెళ్లి, ఒకసారి ఏమీ లేదు, ఉత్తినే. నాలుగోది సెమిస్టర్ పరీక్షలైన మరుసటి రోజుకు తీసుకున్నాను. ఈసారి చిన్నాయన తోడొస్తానన్నాడు.